చిల్లకల్లు దాటాక బొట్టు

మా జువాలజీ పుస్తకంలో ఆకుపురుగు గురించి ఒక పేజీ ఉండేది. ఆకులా కనపడి పక్షి నోటినుంచి తప్పించుకుంటుందట. బాగానే ఉంది. ఆ పురుగుని తోటి ఆకులు పేరంటానికి పిలిస్తే ఏం చెయ్యాలో మాత్రం అందులో రాయలేదు.

మా పిన్ని చిన్న వయసులోనే విధవ. జగ్గయ్యపేటలో, పుట్టింట్లో, బోసి నుదురుతో ఉండేది. నందిగామలో టీచరు ఉద్యోగం వచ్చింది గానీ ఒంటరి విధవకి గది ఎవరిస్తారు? "పొద్దున్నే ఎదురొస్తే ఎలాగమ్మా" అని మొహమ్మీదే అన్నారు. చివరికి బొట్టు పెట్టుకుని, నల్లపూసలు వేసుకుని ఒక ఇంటికి వెళ్ళింది. మొగుడు మిలిటరీలో ఉన్నాడంది. మేడమీద గది దొరికింది. డిగ్రీ చదువుకని నేనూ అక్కడే చేరా. ఊరికెళ్ళేటప్పుడు బస్సు జగ్గయ్యపేటకి ముందొచ్చే చిల్లకల్లు చేరేసరికి స్టిక్కరు తీసి వాచీ బెల్టు లోపల అంటించుకునేది, నల్లపూసలు సంచిలో వేసుకునేది. తిరుగు బస్సులో చిల్లకల్లు దాటాక బొట్టు మళ్ళీ నుదుటికి, పూసలు మెడకి. దొంగసరుకు చెక్‌పోస్టు దాటించినట్టు. నాకు నవ్వొచ్చేది, పిన్నికి వచ్చేది కాదు.

శ్రావణంలో ఇంటావిడ పైకొచ్చింది. కొత్తగా పెళ్ళయిన కూతురు మంగళగౌరి నోము పడుతోంది. "టీచరుగారూ, మంగళవారం వాయనానికి మీరూ రావాలి. మా పిల్ల పసుపుకుంకాలు చల్లగా ఉండాలని దీవించాలి."

ఆవిడ దిగిపోగానే పిన్ని మంచమ్మీద కూలబడింది.

"గుప్పెడు నానబెట్టిన శనగలు పిన్నీ! పుచ్చుకుంటే ఎవడూ చావడు," అన్నా.

"నేనూ నమ్మను."

"మరింకేం?"

"ఆ పిల్ల నమ్ముతుందే."

"నిజం చెప్తే మన సామాను రోడ్డుమీదుంటుంది."

"ఉండనీ."

సోమవారం సాయంత్రం కిందికెళ్ళి చెప్పేసింది. నేను మెట్లమీద నిలబడి పోట్లాటకి మాటలు సిద్ధం చేసుకుంటున్నా. ఇంటావిడ అరవలేదు. ముందు వీధి తలుపు మూసింది.

"ఖాళీ చేస్తానండీ," అంది పిన్ని.

"ఉన్నపళంగా పోతే ఎందుకని అడగరూ? మిమ్మల్ని వీధంతా ముత్తయిదువనే చూసింది. ఈ సంగతి పొక్కితే మా వియ్యాలవారికి ఏం చెప్పుకోను? రేపు మీకు జ్వరమని చెప్తా. ఇక్కడున్నన్నాళ్ళూ ఆ బొట్టు మాత్రం తియ్యకండి."

గది నిలిచింది. "చూశావా" అనబోయి, పిన్ని మొహం చూసి ఊరుకున్నా.

మంగళవారం మెట్లమీద గాజుల చప్పుడు. జ్వరమని చెప్తే ఆ పిల్ల ఊరుకోలేదు. పళ్ళెం పట్టుకుని తనే పైకొచ్చింది. వెనక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇంటావిడ.

"లేవకండి టీచరుగారూ, కూర్చునే పుచ్చుకోండి," అంది పిల్ల.

పిన్ని ఇంటావిడ వైపు చూసింది. కాదంటే ఆవిడే అనాలి. పక్కింటావిడ "కొంగు పట్టండమ్మా" అని తొందరపెట్టింది.

"పుచ్చుకోండి," అంది ఇంటావిడ, గోడ వైపు చూస్తూ.

పిన్ని కొంగు పట్టింది. పిల్ల కాళ్ళకి దణ్ణం పెడితే, అనాల్సిన దీవెన కూడా అంది.

ఆ శనగలు తను తినలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత ఆ ఇంటి అల్లుడు వచ్చినప్పుడల్లా పిట్టగోడ మీంచి వంగి చూసేది, మనిషి ఏమైనా చిక్కాడేమోనని.