జనవరిని వంద అనుకుంటే

ఆ గ్రాఫ్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందు నా మీదే.

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు. దానికే నాంపల్లిలో, నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానానికి దగ్గర్లో ఇంకో బ్రాంచి. రెండింటికీ ఎంతమంది కస్టమర్లు వచ్చారో నెలనెలా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. నాంపల్లి బ్రాంచిని పదకొండేళ్ళుగా ఒక అక్క చూసుకునేది. మనిషి గడప దాటి లోపలికి వస్తుండగానే పాదం చూసి సైజు చెప్పేసేది. కొలిచే పనే లేదు.

డిసెంబరులో షాపు యజమాని సేటు, "ఏ బ్రాంచి పెరిగింది, ఏది పడ్డది, ఒక్క బొమ్మల చూపియ్" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో దానికి సులువైన పద్ధతి ఉంది. ఒక నెలను బేస్‌లైన్‌గా పెట్టి, దాన్ని వంద అనుకుని, మిగతా నెలలన్నీ దాంతో పోల్చడం. ఏడాది మొదలయ్యేది జనవరితోనే కదా అని జనవరినే పెట్టాను. నా తెలివికి మురిసిపోయాను కూడా.

ఆబిడ్స్ గీత వంద దగ్గరే నిలిచింది. నాంపల్లి గీత మార్చికల్లా నలభైకి జారి అక్కడే పడి ఉంది. సేటు అక్కను పిలిపించాడు.

"జనవరిల నుమాయిష్ ఉంటది కద సేటూ! ఊరంతా గాడనే ఉంటది. గా నెలతోని చూస్తే ఏ నెలైనా తక్కువనే కనిపిస్తది" అంది అక్క.

"కంప్యూటర్ అబద్ధం చెప్తదా? రేపటి సంది రాకు."

చిన్నప్పటి నుంచి ఒక్క నుమాయిష్ వదలని వాణ్ణి నేను. నాకు తట్టలేదు! పోనీ, అక్క చెప్పాకైనా నోరు విప్పానా? లేదు.

మర్నాడు ప్రతి నెలనూ నిరుటి అదే నెలతో పోల్చి మళ్ళీ చేశాను. నాంపల్లి గీత ఏడాది పొడుగునా వంద పైనే ఉంది. పరుగున తీసుకెళ్ళి చూపించాను.

"ఔ, మంచిగనే ఉన్నది. గని అన్న మాట ఎట్ల వాపస్ తీసుకుంట?" అన్నాడు సేటు. ఆ స్క్రీన్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

జనవరి వచ్చింది. నాంపల్లి షాపు కిటకిటలాడింది. అక్క బదులు వచ్చిన కొత్త మనిషి సైజులు తెలియక తిప్పలు పడుతున్నాడు.

"అక్కకు ఫోన్ చెయ్. గీ నెల మట్టుకు రమ్మను" అన్నాడు సేటు. చేశాను.

అక్క అంతా విన్నది. తిట్టి ఉంటే బాగుండేది.

"వస్త గని బిడ్డా, ఒక్క నెలకైతే రాను. మార్చిల నన్ను దేంతోని కొలుస్తవో గది ముందుగల్ల చెప్పు" అంది.