నాలుగో వంతు నియమం

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుతుంటే, ఒక కుర్రవాడు స్నేహితుడితో, "నీ షేర్లు సుత నేనే చూస్కుంట, ఫికర్ చేయకు" అనడం చెవిన పడింది. ఇల్లు చేరేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

మన ఈడు వారికి గుర్తుండే ఉంటుంది, పేరులో సాఫ్ట్‌వేర్ అని ఉంటే చాలు, ఏ షేరు ధరైనా పైకి ఎగిరిపోయిన రోజులవి. ఇదే అమీర్‌పేటలో మైత్రీవనం భవనం మెట్ల మీద కంప్యూటర్ కోర్సుల పిల్లలు తోసుకుంటూ ఎక్కుతుంటే, వెనక సందులోని బ్రోకరు ఆఫీసులో మాలాంటి నడివయసు వాళ్లం తెర ముందు నిలబడేవాళ్లం. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు కొందామని దాచినదంతా ఒక చిన్న కంపెనీ షేర్లలో పెట్టాను. పెట్టించింది మా పెద్ద తోడల్లుడు; ఆయనా అవే కొన్నారు. నాకు భయం ఎక్కువ కనుక డైరీలో ఒక నియమం రాసుకున్నాను: చేరిన ఎత్తు నుంచి ధర నాలుగో వంతు పడితే, మరో ఆలోచన లేకుండా అమ్మేయాలి. అది చూసి ఆయన, "ఎక్కకముందే దిగే లెక్కలేంటి తమ్ముడూ?" అని అందరి ముందూ నవ్వారు. అయినా పంజాగుట్టలో ఉద్యోగం చేసుకుంటూ మార్కెట్ చూడలేను కనుక, అమ్మకం కాగితాల మీద సంతకాలు చేసి, ధర అంత పడిన రోజున అమ్మేయమని ఆయనకే ఇచ్చాను. నాకు అంతకంటే దగ్గరివాడు ఎవరు?

ఆ రోజు రానే వచ్చింది. ఆఫీసు నుంచి ఆయనకు మూడుసార్లు ఫోన్ చేశాను. రేపటికి లేస్తుందని, తనవీ అలాగే ఉంచానని, కంగారు పడవద్దని చెప్పారు. అది లేవలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ షేరును అడిగే దిక్కు లేదు. ఇద్దరం ఒక్కసారే మునిగామనుకుని, ఆయన్ని ఓదార్చడానికి ఒక సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను.

కాఫీ అందిస్తూ మా వదినగారు, "మరిదిగారూ, మీ నాలుగో వంతు లెక్కే మమ్మల్ని కాపాడింది. ఆ రోజే మావన్నీ అమ్మేశారట" అన్నారు, ఎంతో కృతజ్ఞతగా.

ఆయన తలెత్తలేదు. "ఆ రోజు కొనేవాళ్లు కొద్దిమందే ఉన్నారు తమ్ముడూ. ఒకరమైనా బయటపడాలి కదా" అన్నారు.

కాఫీ పూర్తిగా తాగే లేచాను. ఇల్లు ఇక కొనలేమని నా భార్యకు చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు. ఆమె తన అక్కగారి గుమ్మం ఎక్కగలగాలి కదా.

ఇప్పుడు నా అమ్మకాలు నేనే చేసుకుంటున్నాను, ఎవరి చేతికీ సంతకం ఇవ్వనక్కర్లేదు, అదీ ఒక సుఖమే. పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చోబెడతారు మమ్మల్ని. ఆయన నా విస్తరి వైపు చూసి, ఇంకాస్త వడ్డించమంటారా అని అడుగుతారు. ఆ సాయంత్రం నుంచి నేను ఆయనకు "మీరు" అయ్యాను.