రెండో ముద్ర

మా బావ చెవుల గురించి హ్యాంగర్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. విమానాలు మరమ్మతు చేసే ఆ పెద్ద షెడ్డులో ఆయన ముప్పై ఒక్కేళ్ళు పనిచేశాడు. నేను అదే షెడ్డులో మెట్ల కిందున్న రికార్డుల గదిలో పద్దెనిమిదేళ్ళుగా కాగితాలు సర్దుతున్నాను. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఈ సంగతి నేను మర్చిపోతానేమోనని నెలకోసారైనా గుర్తుచేసేవాడు.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. విమానం తోక మీద నిటారుగా నిలబడే చుక్కానిని మావాళ్ళు రడ్డరంటారు. దాని పైపొర పల్చటి లోహపు పలక, లోపల తేనెపట్టులాంటి గదులు. రెంటినీ కలిపి పట్టుకునేది జిగురు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కడో ఓ చోట ఆ జిగురు విడిపోతుంది, పైకి మాత్రం ఏమీ కనపడదు. చిన్న ఇత్తడి సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతే బాగున్నచోట టింగుమంటుంది. విడిపోయినచోట పుచ్చిన గుమ్మడికాయ మీద వేలితో కొట్టినట్టు మొద్దుగా మోగుతుంది. ఆ తేడా పట్టుకోవడమే బావ ఉద్యోగం.

అవతల ఎవరు డ్రిల్లింగు చేస్తున్నా, ఎవరు అరుస్తున్నా, ఆయన కళ్ళు మూసుకుని తట్టి "ఇక్కడ" అని వేలు పెట్టాడంటే లోపం అక్కడ ఉండి తీరాల్సిందే. ఒకసారి పెద్దాఫీసు నుంచి శబ్దతరంగాలతో చూసే పెట్టె ఒకటి పంపించారు. అది అరగంట కిందామీదా పడి కనిపెట్టిన లోపం, బావ పొద్దున్నే గీసిపెట్టిన గుండ్రంలోనే ఉంది. పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు నుంచి ఆయనకు పెద్దచెవి అని పేరొచ్చింది. ఎదుటపడితే మాస్టారు, వెనక్కి తిరిగితే పెద్దచెవి. ఆయనకు రెండో పేరంటేనే ముద్దు.

ఇక ఆయన పనిచేసిన రడ్డర్ల కార్డులన్నీ నా దగ్గరికే వచ్చేవి. ప్రతి పనికీ ఒక కార్డు, కార్డు అడుగున రెండు గళ్ళు. పని చేసినవాడు మొదటి గడిలో తన నంబరున్న రబ్బరు ముద్ర వేస్తాడు. రెండో మనిషి మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా తనంతట తానే చూసి రెండో గడిలో ముద్ర వేయాలి. పుస్తకంలో అలాగే ఉంది. మా హ్యాంగర్లో మాత్రం మొదటి ముద్ర సీనియర్‌ది అయితే, రెండోది జూనియర్ కళ్ళు మూసుకుని వేసేదే. మళ్ళీ చూస్తానన్నాడంటే పెద్దమనిషిని పట్టుకుని అబద్ధాలకోరు అన్నట్టు లెక్క. ఇప్పటి సీనియర్లందరూ కుర్రతనంలో అలా వేసినవాళ్ళే. కార్డు మీద మొదటి ముద్ర పక్కన పదీ నలభై అని ఉంటే, రెండో ముద్ర పక్కన పదీ నలభై రెండు అని ఉండేది. రెండు నిమిషాల్లో రడ్డరంతా తట్టడం వడ్రంగిపిట్ట వల్ల కూడా కాదు. నేను చూసేవాణ్ణి, ఫైల్లో పెట్టేవాణ్ణి.

బావ చెవులు పోయాయని అందరికంటే ముందు మా అక్కకు తెలిసింది. ఒక ఆదివారం వంటింట్లో కుక్కర్ ఆరు కూతలు కూసింది. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బావ కుక్కర్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. అక్క పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, మాడిన గిన్నె ఆయన ముందు పెట్టి నాలుగు దులిపేసింది.

"పేపర్లో పడిపోయాను" అన్నాడాయన. పేపర్ని పకోడీల పొట్లంలా చూసే మనిషి అంతలా పేపర్లో పడిపోయాడంటే అక్క నమ్మలేదు. వారం రోజులు వెనక నుంచి పిలిచీ, గాజులు మోగించీ, చెంచాలు పడేసీ చూసింది. తర్వాత నన్ను పిలిచి చెప్పింది.

"మీ బావకి సన్నటి చప్పుళ్ళు వినపడట్లేదురా. మాటలు వినపడుతున్నాయి. అవి కూడా మొహం చూస్తుంటేనే."

అప్పటినుంచి అక్క ఆయనతో పక్కగదిలోంచి మాట్లాడటం మానేసింది. చేతులు తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి, ఆయన కళ్ళలోకి చూసి, ఒక్కో మాటా విడదీసి చెప్పేది. చుట్టాలొస్తే వాళ్ళడిగిన ప్రశ్ననే మళ్ళీ తను అడిగినట్టు అడిగేది. ఈ వయసులో ఇంత అన్యోన్యతా అని చుట్టాలు మురిసిపోయేవారు.

ఆఫీసులో ఏటా వైద్యపరీక్ష ఉండేది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటారు. చప్పుడు పంపేటప్పుడు అవతలి నర్సు భుజం కొంచెం కదులుతుంది. బావ ఆ భుజాన్ని చూసి చెయ్యెత్తేవాడు. అలా రెండుసార్లు గట్టెక్కాడు. ఆ ముచ్చట నాకు చెప్పి పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను. రిటైర్మెంటుకి ఇంకా ఏణ్ణర్ధమే ఉంది, ఈ కాస్తా గడిచిపోతే చాలని ముగ్గురం అనుకున్నాం. మరి రడ్డర్లు ఎలా చూస్తున్నావని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని నా భయం. సిగ్గుపడాల్సిన భయమే, కానీ ఉన్నమాట అది.

రెండో ముద్ర కొత్తమ్మాయిది. పేరుకే కొత్త, వచ్చి నాలుగేళ్ళయింది. తర్వాత ఎవరినీ చేర్చుకోలేదు కాబట్టి ఆమె కొత్తమ్మాయిగానే మిగిలిపోయింది. ఆమెకు తట్టడం నేర్పింది బావే. సుత్తి బిగించి పట్టుకుంటే మణికట్టు మీద ఒక్కటిచ్చేవాడు. "చేత్తో కాదమ్మాయ్, చెవితో కొట్టు" అని కేకలేసేవాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మొహం కడుక్కుని రమ్మనేవాడు, వచ్చాక ఆపినచోటి నుంచే మళ్ళీ మొదలెట్టించేవాడు. ఏడాదిన్నరకి ఆమెకు సొంత ముద్ర ఇచ్చారు. మొదటిరోజే ఆమె సుత్తి పుచ్చుకుని నిచ్చెన ఎక్కబోయింది.

"ఎక్కడికి?" అన్నాడు బావ.

"చూసొస్తాను మాస్టారూ."

"నేను చూశాక నువ్వు చూసేదేముంది? ముద్ర వెయ్యి."

వేసింది. తర్వాత మళ్ళీ అడగలేదు.

ఈ ఏడాది మొదట్లో ఆమెను రెండు వారాల శిక్షణకు పంపించారు. తిరిగొచ్చిన రోజు టీ తాగుతూ, కప్పులోకి చూస్తూ, "ఇకనుంచి నేనూ తట్టి చూశాకే ముద్ర వేస్తాను మాస్టారూ" అంది. అక్కడున్న సీనియర్లు నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "నాలుగు పాఠాలు వినొచ్చి మనకే పాఠం చెబుతోందిరా" అని ఒకాయన అంటే మిగతావాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు. తలవంచుకుని చెప్పిన మాట ఆయనకు ఒక్క ముక్కా అందలేదు, మిగతావాళ్ళు నవ్వారు కాబట్టి తనూ నవ్వాడు. ఆమె మాత్రం ఆ నవ్వుతో ఆయన ఒప్పుకున్నాడనుకుంది.

ఆ తర్వాత వచ్చిన మొదటి రడ్డరు మంగళవారం నాటిది. విమానం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాలి. బావ నలభై నిమిషాలు తట్టి, కిందికి దిగి, కార్డు మీద ముద్ర వేసి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే కొత్తమ్మాయి నిచ్చెన మీదుంది. అప్పుడే నేను ఏదో కార్డు కోసం అటు వెళ్ళాను.

"దిగు" అన్నాడు బావ.

"మీకు ముందే చెప్పాను కదా మాస్టారూ" అని ఆమె పని ఆపలేదు. కింది భాగానికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అక్కడే మళ్ళీ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. ఫైళ్ళ దుమ్ము పట్టిన నా చెవులకు కూడా ఆ మొద్దు చప్పుడు తెలిసిపోయింది. ఆమె జేబులోంచి పసుపుపచ్చ మైనపు పెన్సిల్ తీసి అరచేతంత గుండ్రం గీసింది. బావ గబగబా పక్క నిచ్చెన ఎక్కి, సుత్తి లాక్కుని ఒక్క దెబ్బ కొట్టి, "బాగానే ఉంది" అంటూ బొటనవేలితో ఆ గీత చెరిపేశాడు. ఆమె మళ్ళీ గీసింది. ఆయన మళ్ళీ చెరిపాడు. ఎక్కడివాళ్ళక్కడ పని ఆపేసి చూస్తున్నారు. ఆయన వేలు పసుపుపచ్చగా అయిపోయింది.

ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన కూడా ఒకప్పుడు బావ దగ్గర మణికట్టు మీద దెబ్బలు తిన్నవాడే. బావ కిందికి దిగి ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు.

"మీరంతా పుట్టకముందు నుంచీ ఈ తోకలు తడుతున్నాను నేను. నా ముద్ర మీద ఈవిడ గీతలేంటి?"

వెనకాల నిచ్చెన మీంచి కొత్తమ్మాయి అంది: "మాస్టారూ, ఇక్కడ ఇంకొక్కసారి కొట్టి వినండి. అప్పుడూ బాగుందంటే నేను నోరు మూసుకుంటాను."

బావ తిరగలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. బావ ఫోర్‌మన్‌తో పాత రోజుల గురించి చెప్పుకుపోతున్నాడు. ఆమె సుత్తి తీసి బాగున్నచోట ఒకటి, చెడినచోట ఒకటి కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళందరి తలలూ పైకి లేచాయి, బావ తల ఒక్కటే కదల్లేదు. ఆమె సుత్తి దించింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అది చాలు.

ఆమె దిగి, చుట్టూ తిరిగి వచ్చి, బావకు ఎదురుగా నిలబడింది. అచ్చం మా అక్కలాగా ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నేనే పొరపడ్డానేమో మాస్టారూ. బీరువాలోంచి ఆ పెట్టె తీయించి చూద్దాం. మీరు వెళ్ళి కూర్చోండి."

బావ ఆమె పెదాల వంక చూశాడు, తర్వాత కళ్ళ వంక చూశాడు. ఎదురు తిరిగితే ఆయన తట్టుకునేవాడు. ఈ మెత్తదనం తట్టుకోలేకపోయాడు. నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"పొరపడింది నువ్వు కాదమ్మాయ్. నాకు వినపడదు" అన్నాడు. "ఇదొక్కటే కాదు. ఎక్కడ కొట్టినా నాకు ఒకటే చప్పుడు."

"ఎప్పటినుంచి మాస్టారూ?" అన్నాడు ఫోర్‌మన్. బావకు వినపడలేదని అర్థమై, ముందుకు వంగి గట్టిగా ఇంకోసారి అడిగాడు.

నేను మనసులో లెక్క వేశాను. ఈ వారం నుంచే అంటే ఈ ఒక్క కార్డే పోతుంది. పెద్దాయన, పాపం వయసు మీదపడిందంటారు, దండేసి పంపిస్తారు. అంతకు ముందు నుంచి అన్నాడంటే, అప్పటినుంచి ఆయన ముద్రపడిన ప్రతి విమానాన్నీ వెనక్కి పిలవాలి. ఉద్యోగమే కాదు, ముప్పై ఒక్కేళ్ళ పేరూ పోతుంది. ఎప్పటినుంచన్నది ఆయనకీ, అక్కకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఫోర్‌మన్ వెనక నిలబడి, బావకు కనపడేలా ఒక వేలు చూపించాను. ఒక్క వారమని చెప్పు బావా అని నా ఉద్దేశం. కళ్ళతో పట్టుకోగలిగినదేదీ ఆయన వదలడు. నా వేలు చూశాడు, నా మొహం చూశాడు. తర్వాత ఫోర్‌మన్ వైపు తిరిగాడు.

"రెండేళ్ళ నాలుగు నెలలు."

కార్డులన్నీ తెమ్మని ఫోర్‌మన్ నన్ను పంపించాడు. ముప్పై ఏడున్నాయి. తర్వాత మూడు వారాలపాటు ఆ విమానాలన్నింటినీ ఒక్కొక్కటిగా ఆపి చూస్తే నాలుగు పలకలు చెడినవి దొరికాయి. దేని తోకా గాల్లో ఊడిపోలేదంటే అది మా గొప్పతనమేమీ కాదు. ఆ మధ్యాహ్నానికి మాత్రం నిచ్చెన పక్కనున్న బల్ల మీద ముప్పై ఏడు కార్డులే ఉన్నాయి. ఫోర్‌మన్ ఒక్కోటీ తిప్పుతూ రెండో గడి చూస్తున్నాడు.

"అన్నింటి మీదా నీ ముద్రే ఉంది" అన్నాడు కొత్తమ్మాయితో.

బావ లేచి వచ్చి బల్ల మీద చెయ్యేశాడు. "ఆ పిల్లని వదిలెయ్. నిచ్చెన ఎక్కుతానంటే వద్దన్నది నేను. తప్పంతా నాదే అని రాసుకో."

ఆమె తల దించుకునే ఉంది. "మాస్టారు వద్దన్నది నిజమే సార్. ముద్ర మాత్రం నా చేత్తో నేనే వేశాను. ఒక్కటీ కొట్టి చూడలేదు." జేబులోంచి తన ముద్ర తీసి కార్డుల పక్కన పెట్టింది.

"ఏమంటోంది?" అని బావ నన్నడిగాడు. రెండేళ్ళ నాలుగు నెలల్లో ఆయన పదిమందిలో ఆ మాట అడగడం అదే మొదలు. ఆ షెడ్డులో నేను ఆయన్ని ఏనాడూ సార్ అని తప్ప పిలవలేదు.

"బావా! ముద్ర తన చేత్తో తనే వేశానంటోంది! ఒక్కటీ కొట్టి చూడలేదట!" అని అరిచాను. అవతలి విమానం కింద పనిచేస్తున్నవాళ్ళు కూడా లేచి చూశారు.

బావ తల ఊపాడు. తన ముద్ర కూడా తీసి ఆమె ముద్ర పక్కన పెట్టాడు. ఆమెకు ముద్ర ఏడాది తర్వాత తిరిగిచ్చారు, ఆయనకు ఇవ్వలేదు.

ఫోర్‌మన్ కార్డులు దొంతర పెడుతూ, "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు. ఎవరి వైపూ చూసి అడగలేదు. బావ, కొత్తమ్మాయి ఇద్దరూ నా వైపు చూడకుండా ఉండటానికి అవస్థ పడుతున్నారు. పదీ నలభై, పదీ నలభై రెండు. నేను ఫైల్లో పెట్టిన కార్డులే అన్నీ.

"నాకు తెలుసు సార్. మొదటినుంచీ తెలుసు" అన్నాను. గట్టిగానే అందామనుకున్నాను గానీ మాట మెల్లగా వచ్చింది. ఫోర్‌మన్‌కి వినపడింది, కొత్తమ్మాయికి వినపడింది.

బావ నా మొహంలోకి చూసి, "నువ్వేమన్నావురా?" అని అడిగాడు.

నేను రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.