ఇరవై నిమిషాలు ముందున్న గడియారంతో శని గ్రహం దాకా

పద్నాలుగేళ్లుగా హన్మకొండలోని ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. శని గ్రహం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద గుండ్రంగా ఒక సున్న గీసి, దాని చుట్టూ రంగు సుద్దముక్కతో వలయం దిద్ది, "ఎంత అందంగా ఉంటుందో తెలుసా" అంటాను. నిజానికి ఆ అందాన్ని నేను చాలా ఏళ్ల దాకా చూడనే లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఇలా గుట్టుగా సాగిపోతున్న నా ఉద్యోగంలో, తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు, ఒక ఫోను వచ్చి పడింది.

ఫోను చేసింది రాజలింగు మామ, మా అమ్మకు అన్న. గోదావరిఖనిలో ముప్పై రెండేళ్లు భూమి లోపల బొగ్గు తీసి రిటైరయ్యాడు. నీటికాసుల జబ్బుతో ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటి చూపు కూడా అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోంది. "ఎదురుంగ ఉన్నది కనబడ్తది బిడ్డా, పక్కకున్నది కనబడది. బాయిల టోపీ లైటు పెట్టుకొని నడిసినట్టున్నది" అన్నాడు. గనిని అక్కడ బాయి అనే అంటారు. ఆ తర్వాత, "నువ్వు చిన్నప్పుడు సెలవులకొచ్చి మా ఇంట్ల గట్టిగ సదువుతుంటివి, శనికి కడియం ఉంటదని. నిజమేనా అది? నిజమైతె ఈ కన్ను ఉండంగనే ఒక్కపారి సూపియ్యి" అన్నాడు. పై వారమే హైదరాబాదులో పెద్ద దవాఖానకు వెళ్లాలి. అక్కడ ఏం చెబుతారోనన్న భయం ఆయన గొంతులో తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు సిగ్గూ వేసింది.

మాకు తెలిసిన ఒక కాలేజీ లెక్చరరు దగ్గర కంప్యూటరుతో నడిచే టెలిస్కోపు ఉంది. బతిమాలితే ఇచ్చారు. "తేదీ, సమయం, ఊరి అక్షాంశ రేఖాంశాలు కొట్టండి. అదే ఒక నక్షత్రం వైపు తిరుగుతుంది. దాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి మీట నొక్కితే, మిగతా ఆకాశమంతా దానికి తెలిసిపోతుంది" అని చెప్పి, ఆదివారం రాత్రికల్లా వెనక్కి రావాలని షరతు పెట్టారు. అంటే నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క రాత్రి.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున కాజీపేటలో ప్యాసింజరు ఎక్కాను. ఈ దారిలో ప్యాసింజరు నిదానమే కానీ, పది కిలోల పెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. పెట్టెను చూసి ఎదుటి సీటాయన పిండిమిషను మోటారా అని అడిగాడు. కాదు, శనిని చూసే యంత్రం అన్నాను. ఆయన మరుసటి స్టేషనులో వేరే సీటుకు మారిపోయాడు. దాదాపు మూడు గంటలు ప్రయాణించి రామగుండంలో దిగితే ఎండ నెత్తి మాడ్చేసింది. స్టేషను బయట షేర్ ఆటోలో గోదావరిఖని చౌరస్తాకు పదిహేను రూపాయలు, పెట్టెకు ఇంకో పదిహేను. మామ క్వార్టరు గడప దాటేసరికి నా ఫోనులో పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. గోడ గడియారంలో పన్నెండుంబావు. గడియారం పాడైందేమో అనుకున్నాను. ఆ తర్వాత నా ఫోను చార్జింగు అయిపోయి చచ్చింది. చార్జరు మరిచిపోవడంలో నాకు ఇంటా బయటా మంచి పేరుంది.

ఓపెన్‌కాస్టు గని దీపాలు, థర్మల్ స్టేషను వెలుగు కలిసి కాలనీ మీద ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తాయి. అందుకని మంథని దారిలో, ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో లచ్చత్త తమ్ముడి పొలానికి వెళ్దామని మామే ఏర్పాటు చేశాడు. లచ్చత్త అంటే మామ భార్య. పక్క వాడకట్టు సదయ్య ఆటో మాట్లాడాం. రానూపోనూ, ఆగినందుకు కలిపి మూడు వందల యాభై. "తొమ్మిదికల్ల కదలాలె అక్కా, పది గంటలకు స్టేషన్ల ఒక గిరాకి దిగుతది" అని సదయ్య ముందే చెప్పాడు. అత్త మాత్రం సణుగుతూనే ఆటో ఎక్కింది. "శనివారం పూట శనికి ఎదురువోతరా ఎవరన్న? నేనైతె సూడ. అన్నం గిన్నె పట్టుకొని ఆటోల్నే కూసుంట."

ఏడు దాటాక పొలం చేరాం. కోత అయిన మడిలో కాళ్ల కింద గడ్డి గుచ్చుకుంటోంది, నేల ఇంకా వేడిగానే ఉంది. ముక్కాలిపీట నిలబెట్టి, టెలిస్కోపు బిగించి, బడి అట్లాసులో చూసి రాసుకొచ్చిన అక్షాంశ రేఖాంశాలు కొట్టాను. తేదీ కొట్టాను. "మామా, టైమెంతయింది?" అన్నాను. మామ చేతి గడియారాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుని, టార్చి వేసి, "ఏడు యాభై" అన్నాడు. ఏడు యాభై కొట్టాను. యంత్రం గుయ్యిమంటూ పైకి లేచి, మఖ నక్షత్రం ఇదిగో అని ఆగింది. కంటి గొట్టంలో చూస్తే ఓ మూలన ఒక చుక్క ఉంది. కాస్త మసకగా ఉందేమో అనిపించింది కానీ, కంప్యూటరు చెప్పాక సైన్సు టీచరు ఎదురు చెబుతుందా? మధ్యకు తెచ్చి మీట నొక్కాను. తర్వాత శని అని కొట్టాను. తూర్పు వైపు తిరిగి ఆగింది.

మామను భుజం పట్టుకుని తీసుకొచ్చి, కుడి కన్ను గొట్టం దగ్గర పెట్టించాను. చాలాసేపు చూశాడు. "చీకటే ఉన్నది బిడ్డా" అన్నాడు. నేను చూశాను, నిజంగానే చీకటి. ఆపేసి మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ మామనే టైము అడిగాను, మళ్లీ చీకటే. మూడోసారి చేసే ముందు అట్లాసును తిట్టుకున్నాను, లెక్చరరును తిట్టుకున్నాను. ఫలితం మారలేదు. మామ నా తల మీద చెయ్యి వేసి, "పోనియ్యి బిడ్డా, మబ్బులున్నయేమో" అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆయనకది కనబడక అన్నాడో, నన్ను ఊరడించడానికన్నాడో తెలియలేదు.

అప్పుడే సదయ్య గట్టు మీద నుంచి కేకేశాడు. "అక్కా, ఇంక నలభై నిమిషాలే ఉన్నది."

"నలభై యాడిదిరా? ఎనిమిది నలభై అయితున్నది. ఇరవైయే ఉన్నది" అన్నాడు మామ.

సదయ్య తన ఫోను చూపించాడు. "ఎనిమిది ఇరవై, కాకా."

ఆటోలోంచి అత్త ఘొల్లున నవ్వింది. "ఓ బిడ్డా, ఆయన గడియారం అడిగి పెట్టినవా? అది మస్టర్ గడియారం! మా ఇంట్ల అన్ని ఇరవై నిమిషాలు ముందుకే ఉంటయి. నేను మనసుల ఇరవై తీసేసుకుంట."

మస్టర్ అంటే హాజరు. పొద్దున ఏడు గంటల షిఫ్టుకు ఆలస్యంగా వెళితే హాజరు పడదు, ఆ రోజు కూలి పోయినట్టే. ఆ భయంతో చేరిన నెలలోనే మామ గడియారాన్ని ముందుకు తిప్పాడట. రిటైరై తొమ్మిదేళ్లయినా వెనక్కి తిప్పలేదు. "ముప్పై రెండేండ్లల ఒక్క మస్టర్ పోలే నాది" అన్నాడు మామ, ఇంత జరిగాక కూడా గర్వంగా. తర్వాత గొంతు తగ్గించి, "గీ మిషన్‌కు గంత ఫరక్ పడ్తదా?" అన్నాడు. పడుతుంది. చెయ్యి చాచి కొలిస్తే, ఇరవై నిమిషాల్లో ఆకాశం మూడు వేళ్ల మేర జరుగుతుంది, ఆ గొట్టంలో కనిపించేదేమో చిటికెన వేలంత. నేను మఖ ఇంటికని వెళ్లి మూడుసార్లూ పక్కింటి తలుపు తట్టి వచ్చానన్నమాట. మధ్యాహ్నం గోడ గడియారం చూసి కూడా అనుమానించని నా తెలివికి దండం పెట్టుకోవాలి.

సదయ్య ఫోను చూసి మళ్లీ సమయం పెట్టాను. ఈసారి మఖ వెలుగుతూ దాదాపు మధ్యలోకే వచ్చి నిలబడింది. శని అని కొట్టాను. యంత్రం తిరిగింది, ఆగింది. ముందు నేను చూశాను. చిన్నది, పెసరగింజంత. దాని చుట్టూ వలయం, గీసినట్టు స్పష్టంగా. అన్నేళ్లు నేను పిల్లలకు చెప్పింది అబద్ధం కాదని అప్పుడు నమ్మకం కుదిరింది. మామ చెయ్యి పట్టి లాగాను.

మామ వంగాడు. కన్ను ఆనించాడు.

"ఉన్నది" అన్నాడు. "కడియం ఉన్నది! బొమ్మ గిట అంటించలేదు గదా ఇందుల?"

"లేదు మామా, నిజమైందే."

సదయ్య చూశాడు. చివరికి అత్త కూడా కొంగు సర్దుకుంటూ దిగి వచ్చింది, చెంపలేసుకుని మరీ చూసింది. "ఓయమ్మ! ఇంత ముద్దుగున్నోనికి భయపడేనా ఇన్నేండ్ల సంది నూనె పోస్తున్న?" అంది.

మామ ఆమె పక్కకు జరిగి మెల్లగా అడిగాడు. "ఏమే, నీకు పక్కలకేమన్న కనబడ్తున్నదా?"

"పక్కల అంత చీకటేనయ్యా. నడిమిట్ల అదొక్కటే."

"నాకు గూడ గంతే" అన్నాడు మామ. చీకట్లో ఆయన ముఖం కనిపించలేదు కానీ, ఆ గొంతులో సంతోషం వినిపించింది. "ఇందుల అందరు నా లెక్కనే సూస్తరు."

తొమ్మిది దాటి పది నిమిషాలయినా సదయ్య తొందరపెట్టలేదు. రైలెప్పుడన్న టైముకొచ్చిందా అని వాదిస్తూ రెండోసారి వరసలో నిలబడ్డాడు. గట్టు మీదే అన్నం తిన్నాం. తెల్లారి రైలెక్కి, సాయంత్రానికల్లా టెలిస్కోపు లెక్చరరుకు అప్పగించాను.

మనకు తెలిసిందాన్ని నమ్ముకోవడం ఒకటి, కళ్లతో చూసి నమ్మడం ఇంకొకటి. ఆ తేడా తెలియడానికి నేను ఆకాశంలోకి చూడాల్సి వచ్చింది, అదీ చూపు తగ్గుతున్న మనిషి అడిగితే. పై వారం దవాఖానలో, పోయిన చూపు రాదు కానీ మందు క్రమంగా వేస్తే ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చని చెప్పారు. ఈ వైపు ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. టెలిస్కోపులో సమయం నిమిషాలతో సహా సరిగ్గా ఫోను చూసి పెట్టండి, బొగ్గుబాయి ఇంట్లో మాత్రం అడగకండి. మామ గడియారాలన్నీ ఇప్పటికీ ఇరవై నిమిషాలు ముందే ఉన్నాయి. రోజూ రెండుసార్లు కంట్లో చుక్కల మందు వాటిని చూసే వేసుకుంటాడు. మొన్న ఫోనులో చెప్పాడు, ఇంతవరకు ఒక్క మస్టర్ కూడా పోలేదట.