పురుగుల పంతులుగారి ఈగలు

అమలాపురం తాలూకాలో కాశీవిశ్వనాథం అంటే సొంత వీధివాళ్ళే ఎవరాయన అనేవారు. ‘పురుగుల పంతులు’ అంటే మాత్రం ముమ్మిడివరం కుక్కలు కూడా ముందు నడిచి దారి చూపించేవి. తాతలు వేదం వల్లించేరు. మనవడు సర్కారు షెడ్డులో, గాజు గొట్టాల్లో, ఈగల్ని పెంచేవాడు.

ఈగలంటే అన్నం మీద వాలేవి కావు. నువ్వుగింజంత నల్ల కందిరీగలు. మనిషి జోలికి రావు. కొబ్బరాకుని గోకి తినే నల్లతల పురుగుని వెతికి పట్టుకుని, ఒక్క పోటుతో దాన్ని పడేసి, దాని ఒంటిమీదే గుడ్లు పెడతాయి. పిల్లలు పుట్టి ఆ పురుగునే భోంచేస్తాయి. డెబ్బై తొమ్మిదిలో ఆ పురుగు ఎంత తెగబడిందంటే, తోటలో కునుకు తీసినవాడు లేచేసరికి నెత్తిమీద నీడ మిగిలేది కాదు.

ఒక్క తోట పచ్చబడితే చాలు, ఊరు ఈగల్ని నమ్ముతుంది. లేదంటే పురుగుల మందు కొట్టే ముఠా దిగుతుంది. పురుగుతోపాటు ఈగలూ చస్తాయి, ఇన్నేళ్ళ చాకిరీ గోదాట్లో కలుస్తుంది. అందుకే కొబ్బరితోట ఆసామి బుచ్చిరాజుగార్ని బతిమాలి, ఆయన తోట అడిగేడు.

“మందు కొట్టించనంటే కొట్టించనండి పంతులుగారూ. ఇంతకీ తమరి ఈగలు ఏం తింటాయండీ?”

గొట్టాల దూది తీసి ఈగల్ని మాను మీదకి వదులుతూ కాశీవిశ్వనాథం మురిసిపోయేడు. “షెడ్డులో తేనె పెడతామండీ. రాజభోగం!”

ఆ ఒక్క మాటా మింగేసుంటే పోయేది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళేడు. ప్రతి చెట్టూ మొదలు నుంచి మొవ్వ దాకా బెల్లం పాకంతో నిగనిగలాడుతోంది. దానిమీద ఎర్రచీమలు, తీర్థానికొచ్చిన జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఈగ మచ్చుకొక్కటి లేదు.

“ఇదేంటండీ రాజుగారూ?”

“మనింటికొచ్చినవాటిని పస్తుంచుతామాండీ? చెట్లెక్కి కాయల దింపు తీసే అబ్బులు చేత పూయించేను. తేనె దొరకలేదు, ఏమనుకోకండి.”

“బెల్లానికి చీమలు పట్టేయండీ! ఈగల్ని అవే తినేసేయండీ!”

“చీమ ఈగని తినడమేంటండీ, విడ్డూరం! కడుపు నిండి ఎక్కడో పడుకునుంటాయి.”

తిడదామని నోరు తెరిచేడు. ఏమని తిడతాడు? మందు కొట్టనన్నాడు, కొట్టలేదు. ఇంట్లో బెల్లమంతా కరిగించి పోసేడు. ఈలోగా లోపల్నించి కాఫీ వచ్చింది. పాకం కన్నా తియ్యగా ఉంది. అదీ తాగక తప్పలేదు.

మళ్ళీ ఈగల్ని తెద్దామంటే షెడ్డులో ఉన్నవి కొత్తపేట తోటలకి వెళ్ళిపోయేయి. కొత్తవి పెరిగేలోపే ముఠా దిగింది. మందు కంపు ఊరంతా కమ్మింది. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, పంచాయతీ అరుగు ముందు కాశీవిశ్వనాథం గొంతు చించుకున్నాడు.

“తప్పు ఈగలది కాదండీ! చీమలదండీ!”

అందరూ నవ్వేరు. పంతులుగారి పరువు కాపాడ్డానికి బుచ్చిరాజు ముందుకొచ్చేడు.

“ఆయన్నేమీ అనకండి. ఈగలు మంచివేనండి. మనం మరీ ఎక్కువ పెట్టేసేం. తిండి అరక్క పురుగు జోలికి పోలేదు, అంతే.”

“ఆయ్, నిజమేనండి,” అన్నారు జనం.

కాశీవిశ్వనాథం సైకిలు స్టాండుని ఒక్క తన్ను తన్నేడు.