ఏడు ఒకట్లు

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. మధురవాడలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ కాలేజీ గేటుకు కట్టారు. ఆయన ఫొటో, చుట్టూ గులాబీల బొమ్మలు, కింద పెద్ద అక్షరాలతో 'షార్ట్‌కట్ లెక్కల పితామహుడికి కన్నీటి నివాళి'. ఏడుపు రాలేదు నాకు.

ఆయన జన్మలో ఒక్క షార్ట్‌కట్ చెప్పిన పాపాన పోలేదు. వన్ టౌన్‌లో ఆయన డాబా మీద మా ట్యూషన్. బోర్డు ఉండేది కాదు. ఎన్నికలవీ చీరల షాపులవీ పాత ఫ్లెక్సీలు తెచ్చి, తిరగేసి గోడకు కట్టి, తెల్లటి వెనకవైపు మార్కరుతో రాసేవారు. "ముందుపక్కంతా అబద్దాలేనమ్మా. ఎనకపక్క మనకొగ్గీసారు" అని నవ్వేవారు.

కొత్త బ్యాచ్ వస్తే మొదటిరోజు ఏడు ఒకట్లు రాసేవారు: 1111111. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఏడుతో ఒకటి, పదకొండుతో ఒకటి, పదమూడుతో, ముప్ఫై ఏడుతో కూడా ఒకటే. మహా మొండిది. వెయ్యి దాటేదాకా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూసినా ఏదీ కలిసిరాకపోతేనే ప్రధాన సంఖ్య అనాలి. నేను నూట పదమూడు దాకా వెళ్ళి, విసుగొచ్చి, అన్నీ చూసినట్టు మొహం పెట్టి "ప్రధాన సంఖ్యే మాస్టారూ" అనేశాను.

"నూట ఇరవై ఏడుతో సూసావేటమ్మా?" అన్నారు. నూట పదమూడు తర్వాతి ప్రధాన సంఖ్య అదే; నేనెక్కడ ఆగిపోయానో పట్టేశారు. తిట్టలేదు. జవాబూ చెప్పలేదు.

ఆయన రిటైరయ్యాక మా కాలేజీకి తీసుకొచ్చింది నేనే. ఇక్కడా అదే సంఖ్య రాశారు. వారమైనా పిల్లలు భాగిస్తూనే ఉన్నారు. డైరెక్టరు మీటింగ్ పెట్టి, "జవాబు నాలుగు ఆప్షన్లలోనే ఉంటాది మాస్టారూ, పిల్లల టైం పాడుసెయ్యకండి. రేపట్నించి రావద్దు" అన్నాడు, అందరి ముందూ. ఆయన నావైపు చూశారు. నేను ఫోనులో ఏదో చదువుతున్నట్టు తల దించుకున్నాను. ఆ తల మీద ఇప్పటికీ నాకు రోత.

గేటు దాకా వెంట వెళ్ళాను. "నూట ఇరవై ఏడుతో సూసావేటి?" అని అడిగారు, ఏమీ జరగనట్టే. లేదన్నాను. ఫోనులో వెతికితే క్షణంలో తేలిపోయేదే. మొహం చెల్లక అదీ చూడలేదు.

ఆ ఫ్లెక్సీ తాళ్ళు నేనే విప్పాను.

"ఏటి మేడం, ఏటి సేత్తన్నారు?" డైరెక్టరు పరుగున వచ్చాడు.

"మాస్టారింటికి తీసుకెళ్తున్నాను. ఈయన ఒక్క షార్ట్‌కటైనా చెప్పలేదు సార్. అందుకేగా పంపించేశారు?" అన్నాను. ఈసారి తల దించలేదు.

మాస్టారి భార్య ఆ అక్షరాలు చదివి "సీ" అని మొహం తిప్పుకున్నారు. ఫ్లెక్సీ అంచు ఎత్తి చూసి, "తిరగీసి కట్టమ్మా. ఎనకపక్క బాగానే ఉంది" అన్నారు.

డాబా మీద కట్టి, ఏడు ఒకట్లు రాసి, నూట ఇరవై ఏడు దగ్గర మొదలుపెట్టాను. ఇరవై ఒక్కసార్లు ఎంతో కొంత మిగిలింది. ఇరవై రెండోసారి, రెండు వందల ముప్ఫై తొమ్మిదితో భాగిస్తే, ఏమీ మిగల్లేదు.

"మాస్టారూ, వచ్చింది" అన్నాను, పైకే. రేవు గాలికి ఫ్లెక్సీ అంచు లేచినప్పుడల్లా, గోడవైపు తిరిగి ఉన్న ఆయన మొహం సగం కనబడి, మళ్ళీ గోడకు ఆనుకుంటోంది.