థర్మకోల్ బండ

మొన్న మంచిర్యాలలో పెళ్లి స్టేజీ ఎక్కబోతూ అలంకరణకు పెట్టిన థర్మకోల్ స్తంభాన్ని వేలితో తట్టాను. డొల్లగా మోగింది. మైకు పట్టి జనాన్ని నవ్వించడమే నా బతుకు. ఆ మోత వింటే మాత్రం నాకే నవ్వు ఆగిపోతుంది. సాంబయ్య కాక గుర్తొస్తాడు.

కాక గోదావరిఖని గనిలో మా నాయన జోడీదారు. బండ పడి నాయన పోయినప్పుడు పక్కనే ఉన్నాడు. ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను తన నాటకాల్లోకి లాక్కున్నాడు. "నువ్వు సదువును ఇడిసినవా, అదే నిన్ను ఇడిసిందా?" అని అడిగితే, "ఇద్దరం రాజీ పడ్డం కాకా" అనేవాణ్ని. మాట అన్నాక జనం నవ్వేదాకా ఆగాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సినిమాల్లో చిల్లర వేషాల కోసం డ్యూటీకి నాగాలు పెట్టీ పెట్టీ కాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చివరికి గని కార్మికుడి వేషం దొరికింది. నాలుగు సీన్లు. ఆయనకిక అదే దిక్కు. హైదరాబాదులో నల్లరంగు పూసిన థర్మకోల్‌తో గని సెట్టు వేశారు. గనిలో పని మొదలుపెట్టేముందు పైకప్పును కర్రతో కొట్టి వినడం మావాళ్ల అలవాటు. గట్టి బండ ఖంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది. కెమెరా తిరుగుతుండగా కాక అలవాటుకొద్దీ కొట్టాడు. థర్మకోల్ ఇంకెలా మోగుతుంది? "బండ పడ్తాంది, ఉరుకుండ్రి!" అని అరిచి, హీరోను రెక్క పట్టి బయటికి ఈడ్చేశాడు.

సెట్టంతా పడీ పడీ నవ్వింది. దర్శకుడు మిగతా సీన్లు తీసేసి, ఆ అరుపొక్కటే కామెడీకి ఉంచాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఒకటే మాట: "అలాగే భయపడు, చాలు."

ఆ సినిమా మా ఊళ్లో ఆడినప్పుడు హాలునిండా షిఫ్టు దిగి వచ్చినవాళ్లే. ఆ సీనుకు ఒక్కరూ నవ్వలేదు, నేను తప్ప. అంతటితో ఆగానా? ఆ అరుపును పెళ్లిళ్లలో ఐటంగా చేశాను. జ్యోతినగర్‌లో చేసిననాడు ఈలలే ఈలలు. చివరి వరసలో కాక కూర్చున్నాడు. దిగి వెళ్లి అడిగాను.

"ఎట్లుంది కాకా? నీకన్న మంచిగ చేసిన గదా!"

"మంచిగనే చేసినవ్ బిడ్డా. గా సినిమావోళ్లకు బండ సంగతి తెల్వది. నీకు గూడ తెల్వదా? మీ నాయిన పోయిన దినం గూడ నేను గట్లనే ఒర్రిన. ఆయినకు ఇనపడలే."

మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆయన పోయిన రోజు టీవీలో అడుగున ఒక లైను వచ్చింది. పేరు ముందు 'హాస్యనటుడు' అని వేశారు.

మొన్న కూడా పెళ్లికొడుకు దోస్తులు "అన్నా, గా బండ ఐటం చెయ్యే!" అని ఒకటే గోల. అది మానేసి ఏళ్లయింది. కానీ ఏ స్టేజీ అయినా తట్టి చూడందే ఎక్కను. అదీ జోకే అనుకుని జనం నవ్వుతారు. నేను మోత వినేదాకా కదలను.